వెనక గోడే ఒకప్పటి వీధి గుమ్మం

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. మాది పాలకొల్లు. కాలువ పక్కన మా మామగారి తాతల నాటి కొట్టు ఉంది. ఇన్నాళ్లూ అద్దెకిచ్చాం. ఇప్పుడు బాగుచేయించి మా అబ్బాయి చేత మందుల షాపు పెట్టిద్దామని పెచ్చులు కొట్టిస్తుంటే, వెనక గోడలో ఇటుకలతో పూడ్చేసిన పెద్ద కమాను బయటపడింది. దానిపైన దూలానికి ఇనుప కొక్కెం. పక్కన జాజుతో (ఎర్రమట్టి రంగుతో) వరసగా గీతలు, అక్కడక్కడా ‘పు’, ‘తూ’ అని అక్షరాలు. డచ్చివాళ్ల గిడ్డంగి అయ్యుంటుందని వీధిలో అంటున్నారు. గోడ నడుమెత్తు దాకా ఏటా రాలుతోంది. మొత్తం సిమెంటు పూత వేసేస్తే సరి అంటున్నాడు కాంట్రాక్టరు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: వేయించకండమ్మా. సిమెంటు బస్తాలు ఇప్పటికే దించి ఉంటే వేరే పనికి వాడుకోమనండి, ఆ గోడ జోలికి మాత్రం రానివ్వకండి.

ముందు కమాను సంగతి. మీరు వెనక గోడ అని రాశారు గాని, నాకు తెలిసినంతలో ఆ కొట్టుకి అదే ముందు గోడ. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలువల్లో నీటితోపాటు పడవలూ నడిచాయి. మన వైపు లాకులు కట్టింది పడవల కోసమే. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగుతుంటే ధాన్యం, కొబ్బరికాయలు, కలప కదిలేవి. సరుకు ఎటునుంచి వస్తే కొట్టు గుమ్మం అటే. లారీలు వచ్చాక అది పూడ్చి రోడ్డు వైపు తెరిచి ఉంటారు. కొక్కెం గిలక తగిలించడానికి. దాని లోపలి వంపులో వేలు పెట్టి చూడండి, ఒక పక్క అరిగి నున్నగా తగిలితే ఎన్ని బస్తాల బరువు మోసిందో మీకే తెలుస్తుంది.

పాలకొల్లులో డచ్చివాళ్లు ఉన్న మాట నిజమే. బట్టల వ్యాపారం చేశారు, 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించి వెళ్లిపోయారు. అప్పటికి ఈ కాలువే లేదు. లేని కాలువ వైపు గుమ్మం ఎవరు పెడతారు?

నాకు అన్నిటికంటే విలువైనవి ఆ జాజు గీతలు. ‘పు’ పుట్టి, ‘తూ’ తూము అయ్యుండాలి, రెండూ పాతకాలపు ధాన్యం కొలతలు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కొలిచేవాడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తరవాతే రెండు, మూడు. మా నాన్న కొలుస్తుంటే పక్కన కూర్చుని విన్నాను, ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, 1960ల్లో కుంచాలు కొట్ల లోంచి పోయాయి. కాబట్టి ఆ గీతలు చాలావరకు అంతకు ముందువే. వాటి మీద సున్నం కూడా వేయకండి. దుమ్ము మెత్తని కుంచెతో దులిపి, పక్కన అడుగుబద్ద పెట్టి ఫోటోలు తీయించండి. తడిగుడ్డ పెడితే జాజు వచ్చేస్తుంది.

ఇక రాలడం. కాలువ పక్క నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది, గోడ దాన్ని పైకి పీలుస్తుంది. సున్నపు పూత అయితే ఆ తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. లోపలే నిలిచి ఉప్పు తేలి ఇటుక పిండవుతుంది. మా మేనమామ కొట్టుకి కుర్రతనంలో నేనే దగ్గరుండి సిమెంటు వేయించాను. మూడు వానాకాలాలకి పూత పెద్ద పెద్ద పలకలుగా ఊడింది, వెనకే ఇటుకలు. ఆ గోడ పడగొట్టాల్సి వచ్చింది. ఆ బాధతోనే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇదివరకెవరైనా అడుగున సిమెంటు పూసి ఉంటే జాగ్రత్తగా ఊడగొట్టించి, గోడ ఆరనిచ్చి, గుల్ల సున్నం, ఇసుక, ఇటుక పొడి గానుగలో ఆడించి పూయించండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే చేయి తెలిసిన మేస్త్రి దొరికితే వదలొద్దు. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి నీళ్లు మీ పునాదిలోకి వస్తున్నాయేమో కూడా చూసుకోండి. అది ఆపకపోతే ఏ పూతా నిలవదు.

రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజు నకలు తీయించి నాలుగు హద్దులూ చదవండి. ‘కాలువ గట్టు’ ఏ దిక్కున రాశారో, ‘వీధి’ అని ఏ దిక్కున రాశారో చూస్తే కమాను కథ సగం అక్కడే ఉంటుంది.

పని వేసవిలో, కాలువలకి నీళ్లు కట్టేశాక మొదలుపెట్టండి. గోడ ఆరడానికి అదే అదను. నీరు దిగినప్పుడు కమాను కింద గట్టు వైపు తవ్వకుండా, చీపురుతో మట్టి ఊడ్చి చూడండి. రేవు మెట్లు బయటపడితే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి తల్లీ.