పిల్లికూతలు ఆగితే ఆస్తమా తగ్గినట్లేనా?

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. మూడేళ్లుగా ఆస్తమా ఉంది. మొన్న రాత్రి ఆయాసపడుతూనే ఉండగా పిల్లికూతలు ఆగిపోవడంతో తగ్గిందనుకున్నాం. కాసేపటికే మగతలోకి జారుకుంటే ఆసుపత్రికి పరుగెత్తాం. ప్రమాదాన్ని ముందే గుర్తించడమెలా? అలవాటైపోతుందన్న భయంతో ఇన్‌హేలర్ రోజూ వాడటం లేదు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు పొరబడిన చోటే చాలామంది పొరబడతారు, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆస్తమా ఉన్నవారిలో శ్వాసనాళాల లోపలి పొర ఆయాసం లేని రోజుల్లో కూడా కొంత వాచి ఉంటుంది. జలుబో, దుమ్మో, పొగో తగలగానే నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, లోపల జిగురుగా కళ్లె పేరుకుని, గాలి పోయే దారి ఇరుకైపోతుంది. ఆ ఇరుకులోంచి గాలి వెళ్లేటప్పుడు వచ్చే చప్పుడే పిల్లికూత. ఆయాసం అలాగే ఉండి కూత మాత్రం ఆగిపోయిందంటే, చప్పుడు చేసేంత గాలి కూడా ఆడటం లేదన్నమాట. ఇది అత్యంత ప్రమాదకరమైన దశ.

కాబట్టి పాపను మాట్లాడించి చూడండి. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటున్నా, నిమిషానికి 30 సార్లకు మించి శ్వాస తీసుకుంటున్నా అది తీవ్రమైన దాడే. పెదాలు నీలంగా మారడం, మగత, అయోమయం, వేలికి తొడిగి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్‌లో 92 కన్నా తక్కువ చూపించడం ప్రాణాపాయ సూచనలు. అంకె బాగానే ఉన్నా పాప మాట్లాడలేకపోతుంటే ఆ అంకెను నమ్ముకుని ఇంట్లో ఆగవద్దు.

అలాంటప్పుడు పాపను నిటారుగా కూర్చోబెట్టి, సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఒక్కో పఫ్ (ఒక నొక్కుకు వచ్చే మందు) చొప్పున, అర నిమిషం నుంచి నిమిషం వ్యవధి ఇస్తూ, పది పఫ్‌ల వరకు ఇవ్వవచ్చు. ప్రాణాపాయ సూచనలుంటే పది పూర్తయ్యేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు పఫ్‌లు ఇస్తూ ఉండండి.

ఇక ఇన్‌హేలర్ అలవాటవుతుందన్న భయం. ఎన్ని కుటుంబాలకు చెప్పినా ఇది పోవడం లేదు, అందుకే లెక్క చెబుతాను. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందుంటే, ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే నలభయ్యో వంతు. అదీ నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. అయితే ఇది బిగుసుకున్న కండరాలను వదులు చేస్తుందే తప్ప వాపును తగ్గించదు. వాపును అదుపులో ఉంచేది బుడెసోనైడ్ వంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఆసుపత్రిలో చేరేంత దాడి వచ్చింది కాబట్టి ఇలాంటి మందు మీ పాపకు రోజూ అవసరం. ఆయాసం లేదు కదా అని మానేయకండి, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయించండి.

పడకగదిలో దోమల చుట్టలు, అగరుబత్తీలు మానేయండి. మిరపకాయలు వేయించేటప్పుడు, దుమ్ము దులిపేటప్పుడు పాపను దూరంగా ఉంచండి. ఈ వారంలోనే పిల్లల వైద్యుడినో, ఊపిరితిత్తుల నిపుణుడినో కలిసి, ఏ లక్షణానికి ఏ మందు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకుని, ఒక ప్రతిని సాల్బుటమాల్ ఇన్‌హేలర్, స్పేసర్‌తో పాటు పాప బడి సంచిలో ఉంచండి.