కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ గుండెకు ఎలా ఎక్కుతుంది?

"గుండె నెడితే రక్తం కాళ్ల దాకా వెళ్తుంది, సరే. మరి కింద నుంచి పైకి ఎవరు తోస్తారు?" అని అడిగారు. పదో తరగతిలో నేనూ ఈ పాఠం చదివాను, గుండె బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ మీరు అడిగిన ముక్క నాకు అర్థమైంది మా నాన్న ఎడమ కాలి వల్ల.

నాన్న రాజమండ్రిలో దోసె మాస్టర్. తెల్లవారుజామున 5 గంటలకు పెనం ముందు నిలబడితే 11 దాటేదాకా అక్కడి నుంచి కదలడానికి ఉండదు. సాయంత్రం మళ్లీ 4 గంటలు. 25 ఏళ్లకు పైగా ఇదే పని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పిక్క మీద మెలికలు తిరిగి ఉబ్బిన పచ్చటి గీతలు ఉండేవి. "నరాలు తేలాయి" అనేవాళ్లం. మనం మెదడు నుంచి వచ్చే నాడినీ, రక్తం మోసే సిరనూ రెండిటినీ నరం అనే అంటాం కదా, ఆ ఒక్క మాట వల్ల మాకు చాలా ఏళ్లు పోయాయి. నరాల బలహీనత అనుకుని మందుల షాపులో అడిగి బి కాంప్లెక్స్ మాత్రలు వేయించాం. తర్వాత చీలమండ పైన చర్మం నల్లబడింది. దురద మొదలైంది. చిన్న పుండు పడి నెలల తరబడి మానలేదు. షుగరేమో అని పరీక్ష చేయిస్తే అదీ లేదు.

ఒక రాత్రి నాన్న స్నానం చేసి వస్తుంటే, గోకిన చోట చర్మం చిట్లి రక్తం చిమ్మింది. గచ్చంతా ఎర్రబడిపోయింది. అమ్మ తువ్వాలు చుట్టింది, నేను కంగారుగా నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాను. తువ్వాలు తడిసిపోతోందే గానీ రక్తం ఆగదు. మా వీధిలోని ఆర్‌ఎంపీ గారు పరుగున వచ్చి, లోపలికి అడుగు పెడుతూనే "ముందు కుర్చీలోంచి దించండి, పడుకోబెట్టి కాలు పైకెత్తండి" అని అరిచారు. నాన్నను నేల మీద పడుకోబెట్టి, ఆయన మడమను నా భుజం మీద పెట్టుకుని, చిట్లిన చోట మడతపెట్టిన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకున్నాను. కొద్ది నిమిషాల్లో ఆగిపోయింది. అంతసేపూ నేను ఆయన్ను కూర్చోబెట్టే తప్పు చేశానని అప్పుడు తెలిసింది. ఎవరింట్లోనైనా ఇలా జరిగితే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: పడుకోబెట్టండి, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టండి, వేలితోనో గుడ్డతోనో అదమండి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాలు ఎత్తితే ఎందుకు ఆగిందో తెలియాలంటే రక్తం దారి చూడాలి. గుండె ఎడమ జఠరిక, అంటే ఎడమ వైపు కింది గది, ఒక్కో దెబ్బకు దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని ఒంట్లోకెల్లా పెద్ద ధమని అయిన బృహద్ధమనిలోకి నెడుతుంది. నిమిషానికి 70 సార్లు అనుకుంటే దగ్గర దగ్గర 5 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తమే సుమారు అంత. అంటే నిమిషంలో ఒంట్లోని రక్తమంతా గుండె గుండా ఒక చుట్టు తిరిగినట్టే. ధమనులు చీలి చీలి చివరికి కేశనాళికలు అవుతాయి. అవి ఎంత సన్నమంటే ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటిగా దూరి వెళ్లాల్సిందే. ఆక్సిజన్ కండరానికి దిగేదీ, కార్బన్ డై ఆక్సైడ్ రక్తంలోకి ఎక్కేదీ అక్కడే. అది దాటాక రక్తం సిరల్లోకి చేరి, గుండెలో కుడి వైపు పై గది అయిన కుడి కర్ణికకు, కుడి జఠరికకు, ఊపిరితిత్తులకు వెళ్లి, శుభ్రపడి ఎడమ వైపుకు వస్తుంది.

అయితే, 120 దగ్గర (బీపీ కొలిచే మిల్లీమీటర్ల లెక్కలోనే) బయలుదేరిన పీడనం కేశనాళికల చివరికి వచ్చేసరికి 15 దగ్గరకు పడిపోతుంది. నాళాలన్నీ నిండుగా ఉన్న గొట్టం లాంటివి కాబట్టి ఆ మిగిలిన కాస్త నెట్టుడుతోనే రక్తం నెమ్మదిగా పైకి జరుగుతూ ఉంటుంది. కానీ సిరల గోడలు పల్చన, సాగే గుణం ఎక్కువ. కదలకుండా నిలబడితే రక్తం కిందే నిలవ చేరుతుంది. గుండె నుంచి చీలమండ దాకా ఉన్న రక్తపు బరువంతా అక్కడి సిర మీద పడి, పీడనం 90 దాకా పోతుంది. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింది కుళాయి అంత జోరుగా రావడం చూశాం కదా, అదే. నాన్న కాలు ఎత్తగానే ఆ బరువు పోయింది, రక్తం ఆగింది.

ఇక మీ ప్రశ్న. పైకి తోసేది పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది బిగిసి, లోపలి సిరలను పిండుతుంది. పిండిన రక్తం కిందికి పోకుండా సిరల్లో కవాటాలు ఉంటాయి. బావికి మోటారు ఉన్నవాళ్లకు ఫుట్‌వాల్వ్ తెలిసే ఉంటుంది. పైపు అడుగున ఉండి నీళ్లను పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. అది పాడైతే మోటారు ఆపగానే పైపులో నీళ్లన్నీ బావిలోకి దిగిపోతాయి. కాలి సిరల్లో అలాంటివి వరసగా చాలా ఉన్నాయి. బాగా పనిచేసే కాలైతే, నడక మొదలుపెట్టగానే ఆ 90 కాస్తా 30 లోపుకు వస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు పొత్తికడుపులో పీడనం పెరిగి, ఛాతీలో తగ్గి, రక్తాన్ని పైకి లాగడానికి అదీ తోడవుతుంది.

ఈ కవాటాలను మీ చేతి మీదే చూడొచ్చు. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, ముంజేతి మీద ఉబ్బిన సిరను ఒక వేలితో నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రక్తాన్ని నెట్టి ఆ వేలు తీసేయండి. దారిలో కవాటం ఉంటే, పైనుంచి రక్తం కిందికి దిగదు, ఆ ముక్క ఖాళీగానే ఉంటుంది. మొదటి వేలు తీస్తే కింద నుంచి నిండుతుంది. ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో రక్తం గుండ్రంగా తిరుగుతుందని రాసినప్పుడు ఈ ప్రయోగాన్ని బొమ్మలతో సహా చూపించాడు. ఇటలీలో ఆయనకు పాఠం చెప్పిన ఫాబ్రీషియస్ ఆ కవాటాలను అంతకు ముందే చూసినా, రక్తం కాళ్లలోకి మరీ ఎక్కువగా దిగకుండా అడ్డుపడతాయని మాత్రమే అనుకున్నాడు. ఒకే వస్తువును ఇద్దరూ చూశారు, హార్వే వేలితో నెట్టి చూశాడు. ధమనికీ సిరకూ మధ్య ఉన్న కేశనాళికలను మాత్రం ఆయన చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో ఇటలీ వైద్యుడు మాల్పీగి కప్ప ఊపిరితిత్తిలో వాటిని సూక్ష్మదర్శినితో చూశాడు.

నాన్నకు రక్తం ఎటు పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్కాన్ చేసేవారు పిక్కను చేత్తో పిండగానే తెర మీద ఒక రంగు పైకి పరుగెత్తింది. వదలగానే రెండో రంగు వెనక్కి జారింది. కవాటం బాగుంటే అర సెకనులోపే మూసుకోవాలి. నాన్నది మూసుకోవడమే లేదు. ఏళ్ల తరబడి నిలబడి సాగిన సిరలో కవాటం రెక్కలు ఒకదానికొకటి అందడం లేదని డాక్టర్ గారు చెప్పారు. లేజర్‌తో చర్మానికి దగ్గరగా ఉన్న ఆ పైసిరను మూసేద్దామన్నారు. "మూసేస్తే రక్తం ఎటు పోతుందండీ?" అని అమ్మ టెన్షన్‌తో అడిగింది. కాలి రక్తంలో 90 శాతం దాకా లోపలి సిరల గుండానే వెళ్తుందనీ, అవి బాగున్నాయో లేదో చూసుకున్నాకే ఇది చేస్తామనీ ఆయన ఓపిగ్గా చెప్పారు. చేయించాం. పుండు రెండు నెలల్లో మానింది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పెడితే నూనె రాసి మర్దన చేయకండి. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కాలి నుంచి కదిలిన గడ్డ పైన చెప్పిన దారిలోనే కుడి గుండె గుండా వెళ్లి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాన్న ఇప్పటికీ దోసెలు వేస్తారు. పెనం కాలేలోపు, పిండి తిప్పాక, ఖాళీ దొరికినప్పుడల్లా మడమలు ఎత్తి దించుతారు. బిగుతు మేజోళ్లు డాక్టర్ గారు కాలి ధమనులు కూడా చూశాకే రాశారు, వాటిని మంచం దిగకముందే తొడుక్కుంటారు. లేచి నిలబడ్డాక సిరలు నిండిపోతాయి కాబట్టి, మరిచిపోయిన రోజు అమ్మ మళ్లీ పడుకోబెట్టి, కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టి, 10 నిమిషాలాగి తొడుగుతుంది.