పిల్లల గణిత చాట్‌లపై పరిశోధన ఎలా చేయాలి?
తిరుపతి హైస్కూలు పిల్లలు ఆన్‌లైన్ చాట్‌లో కలిసి లెక్కలు చేస్తుంటే ఆ సంభాషణలను ఎలా పరిశోధించాలని మీరు అడిగారు. ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, పిల్లలకు మారుపేర్లు. ఇందులో రాజీ వద్దు. జట్టుకు ముగ్గురు నలుగురు చాలు.

సూత్రంతో తేలిపోయే లెక్క ఇస్తే మాటలే పుట్టవు. చతుర్భుజం భుజాల మధ్యబిందువులను వరుసగా కలిపితే ఏ ఆకారం వస్తుందో అడగండి. సమాంతర చతుర్భుజమని ఊహించడం సులువే, అసలు చర్చ ‘ఎందుకు’ దగ్గరే రాజుకుంటుంది.

అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి గణిత చాట్‌లనే పరిశోధించిన గెర్రీ స్టాల్ బృందం చాట్‌తోపాటు పిల్లలు గీసిన ఉమ్మడి బోర్డునూ భద్రపరిచింది. మీరూ అలాగే చేయండి. గీత కనిపించకపోతే ‘ఇది చూడు’ అన్న మాటకు అర్థం దొరకదు. మార్కులకంటే, ఎవరి ప్రశ్న ఎవరి ఆలోచనను కదిలించిందో వరుసగా చదవడమే నా దృష్టిలో ముఖ్యం. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగును మాత్రం సరిదిద్దకండి.