‘ఇగ్రీజస్’ మెప్పా, తిట్టా?

సందేహం: మా గురువుగారి సన్మానానికి తెలుగుతో పాటు ఇంగ్లీషులో కూడా ఒక పత్రం అచ్చు వేయిస్తున్నాం. అందులో మా మిత్రుడొకరు ఆయనను ‘ఇగ్రీజస్ (egregious) స్కాలర్’ అని రాశారు. అది తిట్టు కదా అని నేనంటే, నిఘంటువు తెచ్చి ‘ప్రసిద్ధుడు, శ్రేష్ఠుడు’ అన్న అర్థం చూపించారు. పత్రికల్లో మాత్రం ఆ మాట ఎప్పుడూ తప్పుల పక్కన, మోసాల పక్కనే కనిపిస్తోంది. మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు? దీనికి తెలుగులో సమానమైన మాట ఏది?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ మిత్రుడు చూపించిన అర్థం ఉన్నదే. అయినా ఆ పత్రంలో ఆ మాట ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. గొర్రెల మంద కావచ్చు, పక్షుల గుంపు కావచ్చు, మనుషుల జట్టు కావచ్చు. దాని షష్ఠీ రూపం ‘గ్రెగిస్’. ముందు ‘ఎ’ చేరితే ‘లోంచి వెలుపలికి’ అని అర్థం. అలా ‘ఎగ్రెగియుస్’ అంటే మందలోంచి ఏరి పక్కన నిలబెట్టినది, మేలైనది. దీని తోబుట్టువులన్నీ మనకు పరిచయమైనవే. మార్కుల ‘అగ్రిగేట్’, చర్చిలో కూడే ‘కాంగ్రిగేషన్’, మునిసిపాలిటీ వారు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని చెప్పే ‘సెగ్రిగేషన్’, నలుగురిలో ఉండటం ఇష్టపడేవారిని చెప్పే ‘గ్రిగేరియస్’, అన్నీ ఆ మంద నుంచి వచ్చినవే. మన ‘గ్రామ’ శబ్దాన్ని కూడా కొందరు భాషాశాస్త్రజ్ఞులు ఈ కుటుంబంలోనే చేరుస్తారు. నాకు ఆ ఊహ నచ్చుతుంది. సంస్కృతంలో గ్రామానికి ఊరు అన్న అర్థంతో పాటు సమూహం అన్న అర్థం కూడా ఉందని మరచిపోతున్నాం. ఇంద్రియగ్రామం, గుణగ్రామం, భూతగ్రామం అన్నప్పుడు అక్కడ ఊళ్ళేమీ లేవు.

లాటిన్‌లో ఈ మాట పూర్తిగా మెప్పుదల. రోమన్ కవి వర్జిల్ తన ఈనియడ్ కావ్యం 11వ సర్గలో, తమ రక్తంతో ఈ దేశాన్ని మనకు సంపాదించిపెట్టిన వీరులకు అంత్యసత్కారం చేయండి అని కథానాయకుడు ఈనియాస్ చేత చెప్పించినప్పుడు, ఆ మరణించినవారికి వాడిన విశేషణం ఇదే. రోమన్ సామ్రాజ్యంలో ఇది బిరుదు కూడా అయింది. అశ్వికశ్రేణి అనే ఉన్నత వర్గానికి చెందిన అధికారులను ‘విర్ ఎగ్రెగియుస్’ అని శాసనాల్లో చెక్కించేవారు. ఇటలీలో నేటికీ మర్యాదగా ఉత్తరం రాసేవారు ‘ఎగ్రెజియో’ అని మొదలుపెడతారు, మన ‘మహారాజశ్రీ’ లాగా. స్పానిష్‌లోనూ అది గౌరవవాచకమే.

చెడిపోయింది ఇంగ్లీషులోనే. 16వ శతాబ్దిలో ఆ భాషలోకి వచ్చినప్పుడు మెప్పుగానే వచ్చింది. షేక్‌స్పియర్ సమకాలికుడు మార్లో రాసిన టాంబర్లేన్ నాటకం రెండో భాగం మొదటి పంక్తిలోనే ‘ఈ తూర్పు దేశాల ఇగ్రీజస్ రాజప్రతినిధులారా’ అన్న సంబోధన ఉంది. అక్కడ తిట్టు లేదు. కొద్ది ఏళ్ళ తేడాతో షేక్‌స్పియర్ దగ్గరికి వస్తే రంగు మారిపోయింది. ఐదో హెన్రీ నాటకంలో పిస్టల్ అనే సైనికుడు ఒక ఫ్రెంచివాణ్ణి పట్టుకుని ‘ఇగ్రీజస్’ విడుదల సొమ్ము ఇవ్వమని బెదిరిస్తాడు. అక్కడ అర్థం కేవలం ‘భారీ’. సింబెలిన్‌లో పోస్ట్యుమస్ పశ్చాత్తాపంతో తనను తాను ‘ఇగ్రీజస్ హంతకుణ్ణి’ అని తిట్టుకుంటాడు. ఒథెల్లోలో ప్రతినాయకుడు ఇయాగో, ఆ మూర్‌ను, అంటే ఒథెల్లోను, ‘ఇగ్రీజస్’గా గాడిదను చేసి, పైగా వాడి చేతే కృతజ్ఞతలు, బహుమానాలు అందుకుంటానని పన్నాగం పన్నుతాడు. ఒకే కవి దగ్గర ‘భారీ’, ‘ఘోరం’, ‘నిలువునా’ అనే మూడు ఛాయలు పక్కపక్కనే ఉన్నాయి. 1755లో జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి తగవు తీరిపోయింది. ఆయన మొదట ‘శ్రేష్ఠమైన’ అన్న అర్థం ఇచ్చి, రెండోదిగా ‘చెడులో మేటి’ అన్న అర్థం ఇచ్చి, వాడుకలో ఉన్నది ఇదే అని పక్కన రాశాడు. మీ మిత్రుడు మొదటి అర్థం చూసి నిఘంటువు మూసేసి ఉంటారు. నిఘంటువులో అర్థాల వరుస కొన్నిచోట్ల చరిత్ర వరుస, కొన్నిచోట్ల వాడుక వరుస. ఏది ఏ వరుసో పీఠికలో ఉంటుంది. ఆ పీఠికను చదివేవారు లేకుండా పోవడం ఈ కాలపు పెద్ద జబ్బు.

మెప్పు తిట్టుగా ఎలా మారింది? ఎత్తిపొడుపు వల్ల. ‘ఎంత శ్రేష్ఠుడివయ్యా’ అని వెటకారంగా పదిమంది పదిసార్లు అంటే పదకొండోసారికి ఆ మాటలో వెటకారమే మిగులుతుంది. ఇది మనకు కొత్త కాదు. మేల్కొన్నవాడు, జ్ఞాని అని చెప్పాల్సిన ‘ప్రబుద్ధుడు’ తెలుగులో ఏ గతి పట్టాడో చూడండి. ‘ఈ పని చేసిన ప్రబుద్ధుడెవరు?’ అంటే ఎవరూ చెయ్యెత్తరు. ‘ఘనకార్యం’, ‘నిర్వాకం’ కూడా అదే దారి పట్టాయి.

వీటన్నిటికీ పెద్దన్న ‘దేవానాంప్రియ’. రోమ్‌లో బిరుదుగా ఉన్న మాట ఇంగ్లీషులో తిట్టయింది. ఇక్కడ ఏకంగా చక్రవర్తి బిరుదే తిట్టయింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు తనను తాను ‘దేవానంపియ’ అని చెప్పుకున్నాడు. దేవతలకు ఇష్టుడైనవాడు అని అర్థం. సింహళంలో తిస్స రాజు కూడా ఇదే బిరుదు ధరించాడు. మామూలుగా సమాసం చేస్తే ‘దేవప్రియ’ కావాలి. విభక్తి లోపించకుండా నిలిచింది కనుక వైయాకరణులు దీనికి చోటు వెతకవలసి వచ్చింది. నిందలో షష్ఠి లోపించదు అని చెప్పే పాణిని సూత్రం (6.3.21) కింద, ‘దేవానాంప్రియ ఇతి చ’ అని వార్తికం, అంటే సూత్రానికి అనుబంధ వాక్యం, చేర్చారు. తర్వాతి కాలపు వ్యాకరణ గ్రంథం సిద్ధాంతకౌముది నాటికి దాని పక్కన ‘మూర్ఖే’ అన్న మాట వచ్చి కూర్చుంది. అంటే మూర్ఖుడు అన్న అర్థంలోనే ఈ రూపం అన్నమాట. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ప్రతివాదిని నిలదీస్తూ, ‘ఈ దేవానాంప్రియుణ్ణి ముందు ఇది అడగాలి’ అంటారు. చదివేవాడికి ఆ దెబ్బ తెలుస్తూనే ఉంటుంది.

ఈ రెండు కొనల మధ్య, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దిలో పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన పతంజలి మహాభాష్యంలో ఒక చిన్న సంభాషణ ఉంది. మాటల అర్థం గురించి ఎవరు వాదనకు దిగినా నేను వారికి ఇదే చదివి వినిపిస్తాను. ఒక వైయాకరణుడు రథాన్ని చూసి ‘దీని ప్రవేత ఎవరు?’ అని అడిగాడు. సారథి ‘ఆయుష్మన్, నేను దీని ప్రాజితను’ అన్నాడు. రెంటికీ అర్థం తోలేవాడనే. తోలడం అనే అర్థమున్న ‘అజ్’ ధాతువు స్థానంలో ఇక్కడ ‘వీ’ రావాలని సూత్రం (2.4.56), కనుక ‘ప్రవేత’ ఒప్పు. వైయాకరణుడు ఊరుకోలేదు. ‘అది అపశబ్దం’ అన్నాడు. సారథి తడుముకోకుండా, ‘దేవానాంప్రియుడికి సూత్రం ఎక్కడ వర్తిస్తుందో తెలుసు కానీ, లోకం ఏది కోరుతుందో తెలియదు. ఈ రూపం లోకం కోరుకున్నదే’ అన్నాడు. ‘అయ్యో, ఈ దురుతుడు మమ్మల్ని బాధిస్తున్నాడు’ అని వైయాకరణుడు ఉడుక్కున్నాడు. సారథిని చెప్పే ‘సూత’ శబ్దాన్ని నేయడం అనే ధాతువు నుంచి వచ్చిన ‘సు+ఉత’ అనుకుని, ‘సు’ తీసి ‘దుర్’ పెట్టి తిట్టానని అతని భ్రమ. సారథి దానినీ వదల్లేదు. ‘సూత శబ్దం నేయడం అనే ధాతువు నుంచి రాలేదు, ప్రేరేపించడం అనే ధాతువు నుంచి వచ్చింది. తిట్టదలిస్తే దుఃసూతుడు అనండి’ అని తిట్టును కూడా దిద్దిపెట్టాడు.

రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా ఈ ఘట్టం ఎంత పచ్చిగా ఉందో చూడండి. ధాతువు చేతిలో పట్టుకుని వచ్చినవాడు పండితుడు. వాడుకతో పాటు ధాతువు కూడా తెలిసినవాడు బండి తోలేవాడు. అక్కడ సారథి అన్న ‘దేవానాంప్రియ’ మర్యాదా, ఎత్తిపొడుపా? రెండు విధాలా అన్వయించవచ్చు. మర్యాద ఎత్తిపొడుపుగా మారే క్షణం అదేననీ, ఆ నోటి వాటం వల్లే తర్వాత ‘మూర్ఖే’ వచ్చి చేరిందనీ నాకు అనిపిస్తుంది. మార్లోకీ షేక్‌స్పియర్‌కీ మధ్య ఇంగ్లీషులో జరిగింది కూడా ఈ వాటమే.

మంద నుంచి విడివడటం అన్న భావంలోనే రెండు దారులూ ఉన్నాయి. ఏనుగుల గుంపుకు నాయకుడు యూథపతి, గుంపు నుంచి తప్పిపోయినది యూథభ్రష్టం. రెండూ మిగతావాటికి ఎడంగానే నిలుస్తాయి.

ఎదురు దారిలో నడిచిన మాటలూ లేకపోలేదు. ‘నైస్’ మొదట తెలివితక్కువ అన్న అర్థంలో ఇంగ్లీషులోకి వచ్చి, ఇప్పుడు మెప్పయింది. ‘నటోరియస్’ మాత్రం మన మాట దారిలోనే నడిచింది, మొదట తెలిసినది అని మాత్రమే, ఇప్పుడు రౌడీల ముందు తప్ప నిలవదు. ‘ఫ్లాగ్రంట్’ కూడా అంతే, మూలంలో మండుతున్నది, అందుకే ఇప్పుడు కళ్ళకు కొట్టొచ్చే తప్పుకు వాడతారు.

ఇక వాడుక విషయం. నేటి ఇంగ్లీషులో ఈ విశేషణం తప్పు, ఉల్లంఘన, దుర్వినియోగం, మోసం, అబద్ధం వంటి నామవాచకాల ముందే కూర్చుంటుంది. ఎండ, వాన, ధర పెద్దవని చెప్పడానికి పనికిరాదు. చిన్న పొరపాటుకు తగిలించినా అతకదు. చెడ్డదై ఉండాలి, అందరికీ కనబడేటంత చెడ్డదై ఉండాలి. ఈ రెండో భాగాన్ని మన అనువాదకులు వదిలేస్తున్నారు. ‘అసాధారణ తప్పిదం’ అని రాస్తున్నారు. అది మూలంలోని మందను అనువదించడం, మాటను కాదు. ‘అసాధారణ’ తెలుగులో ఇంకా మెప్పే, ‘అసాధారణ ప్రతిభ’ అనే మనం వాడుతున్నాం. దయచేసి ఆ మాటనైనా చెడగొట్టకండి.

ఒక్క మాటతో దీనికి సమానం తెలుగులో దొరకదు, పక్కనున్న నామవాచకాన్ని బట్టి వెతకాలి. అబద్ధానికి, మోసానికి ‘పచ్చి’ని మించినది లేదు. పచ్చి అబద్ధం అన్నప్పుడు ఆ పచ్చితనంలో దాపరికం లేకపోవడం కూడా ఉంది, అదే ఇక్కడ కావలసింది. ఉల్లంఘనకు ‘బాహాటమైన’, అధికార దుర్వినియోగానికి ‘దారుణమైన’, తప్పుకు ‘ఘోరమైన’ సరిపోవచ్చు. ‘ఘోర’ విషయంలో నాకు కొంచెం వెనుకాడటం ఉంది. పత్రికలు ఘోర ప్రమాదం, ఘోర పరాజయం అని రోజూ వాడి దాని పదును అరగదీశాయి.

కోర్టు తీర్పులు అనువదించేవారు మరింత జాగ్రత్తపడాలి. బ్యాంకు గ్యారంటీ (ఒకరి తరఫున సొమ్ము చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) కేసుల్లో సుప్రీంకోర్టు ఈ మాటను ఒక కొలతగా వాడుతోంది. గ్యారంటీ సొమ్ము చెల్లించకుండా కోర్టు ఆపాలంటే మామూలు మోసం చాలదు, మోసం ‘ఇగ్రీజస్’ స్వభావం కలదై, ఆ లావాదేవీ మొత్తాన్నీ వమ్ము చేసేదై ఉండాలి. అక్కడ ‘మోసం’ అని మాత్రమే రాస్తే తీర్పు తలకిందులవుతుంది. ‘పచ్చి మోసం’ తీర్పు భాషకు మరీ నాటుగా తోస్తే ‘అతి తీవ్రమైన, స్పష్టమైన మోసం’ అని రెండు విశేషణాలూ పెట్టడమే క్షేమం.

ఉచ్చారణ కూడా చెబుతాను. సభలో ఎవరో ఒకరు దాన్ని ‘ఎగ్రేజియస్’ అని చదువుతారు. మాట ‘ఇగ్రీజస్’, ఊనిక ‘గ్రీ’ మీద. ‘ఇగ్రీజియస్’ అని నాలుగు అక్షరాలుగా పలికేవారూ ఉన్నారు, అది తప్పు కాదు.

17వ శతాబ్దికి ముందరి ఇంగ్లీషు పుస్తకంలో ఈ మాట కనిపిస్తే మీ మిత్రుడి అర్థాన్ని కూడా మనసులో ఉంచుకుని, పక్కనున్న నామవాచకాన్ని చూసి తేల్చుకోండి. సన్మాన పత్రంలో మాత్రం మీ పక్షమే గట్టిది. ఇంకా అచ్చు కాలేదంటున్నారు కనుక ‘ఎమినెంట్ స్కాలర్’ అని దిద్దించండి.