కెమెరా తర్వాత కొనండి, ముందు పెరటి తలుపు చూడండి

అడిగిన ప్రశ్న: "మే నెలలో పన్నెండు రోజులు పిల్లలతో ఊటీ వెళ్తున్నాం. అమలాపురం దగ్గర పల్లెలో, కాలవ ఒడ్డున పెరడున్న డాబా ఇల్లు. ఎలాంటి కెమెరా పెట్టిస్తే మంచిది?"

కెమెరా సంగతి చివర్న చెప్తానండి. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పుట్టించిన మాట "కాలవ ఒడ్డున". ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ నీళ్ళే మీ పెరటికి ప్రహరీ. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా అది మనిషి నడిచే బాటే. సరిగ్గా ఆ రోజుల్లోనే బళ్ళకి సెలవులిస్తారు, వీధి వీధంతా తాళాలు పడతాయి. గట్టు దిగి అరటి చెట్ల చాటున వెనకనించి వచ్చేవాడికి మీ వీధి గేటు మీద కెమెరా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

మన వైపు వీధి గుమ్మానికి టేకు, నగిషీ, ఇత్తడి పిడి. పెరటి గుమ్మానికి వేపో మామిడో, రెండు రెక్కలు, బయట ఒక ఆల్‌డ్రాప్, అదే తాళం కప్ప వేసుకునే పొడుగాటి ఇనప గడియ. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తారు. ఎండాకాలం వచ్చేసరికి అదే చెక్క ఎండి కుంచించుకుపోయి, రెక్కల మధ్య చిటికెన వేలు దూరేంత సందు పడుతుంది. ఆ సందులో కొడవలి మొన పెట్టి లోపలి గడియ పైకెత్తొచ్చు. బయట ఆల్‌డ్రాప్ అయితే ఇంకా తేలిక. దానికీ చెక్కకీ మధ్య గునపం మొన పెట్టి నొక్కితే ముప్పావు అంగుళం స్క్రూలు పొడి చెక్కలోంచి పళ్ళు ఊడినట్టు ఊడొస్తాయి. ఎంత ఖరీదైన తాళమైనా చెక్కుచెదరకుండా ఆ ఊడిన ఇనప ముక్కకే వేలాడుతుంటుంది. పోనీ గునపం వాడు తెచ్చుకోవాలా? కొబ్బరికాయలు ఒలిచే గునపం మీ పెరట్లోనే పాతి ఉంటుంది, నిచ్చెన పాక పక్కనే చేరేసి ఉంటుంది. గునపం, పలుగు, కత్తి, నిచ్చెన అన్నీ లోపల పడేసి తాళం వేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక తలుపు. పాత ఇళ్ళల్లో అడ్డగడియ ఉండేది, దాన్నే ఇనుముతో చేయించండి. 2 అంగుళాల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పట్టీ, రెండు వైపులా గోడకి కొక్కేలు. కొక్కేలు ద్వారబంధానికి కొట్టించకండి, గోడలోకి 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు దింపించండి. పాత సున్నం గోడైతే యాంకర్ పట్టదు. అప్పుడు అక్కడ గోడ తవ్వి సిమెంటు కాంక్రీటులో కొక్కేన్ని పాతాల్సిందే. పట్టీకి ఒక చివర కన్నం పెట్టించి చిన్న తాళం వేయండి, సందులోంచి ఎవరూ పైకెత్తలేరు. తలుపు లోపలికి తెరుచుకునేదైతేనే ఇది పనికొస్తుంది, బయటికి తెరుచుకునేదైతే పట్టీని తలుపుకి కూడా బోల్టులతో బిగించాలి. ఆల్‌డ్రాప్ ఉంచుకోవాలనుకుంటే స్క్రూలు పీకించి, తలుపు అవతలికి వచ్చే బోల్టులు వేయించి, లోపల వాషరు పెట్టి నట్టు బిగించమనండి.

వీధి తలుపుకి తాళం కనపడకూడదని లోపల గడియ పెట్టి పెరటి గుమ్మంలోంచి బయటపడేవాళ్ళు మనలో చాలామంది. నాకది బొత్తిగా నచ్చదు. ఇంట్లో అన్నిటికన్నా బలహీనమైన తలుపుకి, ఎవరికంటా పడని చోట తాళం వేలాడదీసి పోవడం అది! మీరు వీధి గుమ్మంలోంచే వెళ్ళండి. తలుపులో బిగించిన లాక్ అయితే లాగి వదిలేయకండి. ఊరికే పడిన లాచ్‌ని ప్లాస్టిక్ కార్డుతో కూడా నెట్టేయొచ్చు. తాళంచెవి చివరికంటా, ఉంటే రెండు చుట్లూ తిప్పితేనే బోల్టు పూర్తిగా దిగుతుంది.

తాళం కప్ప కొనేటప్పుడు దాని కొంకి ఆల్‌డ్రాప్ కన్నానికి నిండుగా సరిపోవాలి. కొంకి పొడుగ్గా ఉంటే అందులోనే ఊచ దూర్చి మెలితిప్పుతారు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనప తాళం తుప్పు పట్టేస్తుంది, ఇత్తడిది తీసుకోండి. తాళంలో కొబ్బరినూనె పోసే అలవాటు మాత్రం మానేయాలండి బాబూ, దుమ్ముతో కలిసి జిగురై, తిరిగొచ్చిన రోజున మీకే తెరుచుకోదు. పెన్సిల్ ముల్లు పొడి చాలు.

డాబా పిట్టగోడ మీదికి వాలిన కొబ్బరి చెట్టుందా? అయితే మెట్ల గది తలుపుకీ ఇదే వైద్యం.

ఇల్లు ఖాళీ అని చెప్పేది తాళం ఒక్కటే కాదు. వాకిట్లో ముగ్గుండదు, ఎండుమట్టలూ రాలిన కాయలూ పడినచోటే ఉంటాయి, పట్టపగలు వరండా బల్బు వెలుగుతుంటుంది. పనమ్మాయి చేత రోజూ కళ్ళాపి చల్లించి ముగ్గేయించండి. వెళ్ళే ముందే కొబ్బరికాయల దింపు తీయించేయండి. బయట చీకటి పడితే వెలిగి, తెల్లారితే ఆరిపోయే బల్బు పెట్టండి. ఇవన్నీ చేసి, బండెక్కగానే వాట్సాప్ స్టేటస్‌లో కుటుంబం మొత్తం ఫొటో పెడితే ఇక ఎవరేం చేస్తారు!

బంగారం బ్యాంకు లాకర్లో పెట్టండి. అక్కడ దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి 100 రెట్ల వరకే, 2022 జనవరి నుంచి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన అది. అయినా ఇంట్లో బీరువా కన్నా నయం. నగల ఫొటోలు, బిల్లులు ఫోన్లో దాచుకోండి.

ఇక కెమెరా. కొనేముందు పోలీసు స్టేషన్‌కి వెళ్ళి ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) గురించి అడగండి. తాళం వేసిన ఇంట్లో ఏపీ పోలీసులే ఉచితంగా కెమెరా పెట్టే ఏర్పాటది. మీ స్టేషన్లో కెమెరా దొరుకుతుందో లేదో వారం ముందే కనుక్కోవాలి. సొంతంగా పెట్టుకుంటే మొదటిది పెరటి వైపు, 8, 9 అడుగుల ఎత్తులో. ఇంకా పైకి పెడితే టోపీ తప్ప మొహం పడదు. కంపెనీ ఏదైనా సరేగానీ మనిషిని గుర్తుపట్టే సదుపాయం ఉన్నది తీసుకోండి. లేకపోతే కొబ్బరాకు ఊగినప్పుడల్లా ఫోన్ మోగి, రెండో రోజుకి విసుగొచ్చి మీరే ఆపేస్తారు. బయల్దేరేటప్పుడు మెయిన్ కట్టేస్తే కెమెరా కూడా ఆగిపోతుంది. అందుకని కెమెరా, రూటర్, బయటి బల్బు ఉన్న ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఒక్కటి వదిలి మిగతావి దించండి. మే నెల ఈదురుగాలికి కరెంటు పోతుంది కాబట్టి కెమెరాకీ రూటర్‌కీ చిన్న యూపీఎస్ పెట్టండి.

ఊటీలో ఉండగా అలర్ట్ వస్తే 112 కి కొట్టకండి, అది తమిళనాడు కంట్రోల్ రూంకి వెళ్తుంది. మీ ఊరి స్టేషన్ నంబరు, ఎదురింటి వాళ్ళ నంబరు ముందే ఫోన్లో వేసుకోండి. ఎదురింటి వాళ్ళని మాత్రం లోపలికి వెళ్ళొద్దని చెప్పండి. వీధిలో లైట్లు వేసి నలుగురూ గట్టిగా కేకలేస్తే వాడు వచ్చిన దారినే కాలవలోకి దిగిపోతాడు.