నల్లేరు మీద నడిచేది బండా, మనిషా?

సందేహం: పత్రికల్లో ‘ఈసారి గెలుపు ఆయనకు నల్లేరు మీద నడకే’ అని రాస్తున్నారు. మా అవ్వ మాత్రం ‘నల్లేరు మీద బండి నడక’ అనేది. ఏది సరి? నల్లేరంటే నల్లని ఏరు అని కొందరు, కాదు తీగ అని కొందరు అంటున్నారు. ఆ తీగను కుండీలో పెంచుదామని చూస్తే ఒకచోట ‘విత్తండి’, ఇంకోచోట ‘అంటు కట్టండి’, మరోచోట ‘రెండు కణుపుల ముక్క నాటండి’ అని ఉంది. ఇవన్నీ ఒకటేనా? నేను నాటిన ముక్కలు కుళ్లిపోయాయి. దాని సంస్కృతం పేరు ‘అస్థిసంహారి’ అట. ఎముకల్ని సంహరించేదాన్నా నేను ఇంట్లో పెంచేది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మీ అవ్వ మాటే సరి. నల్లేరు తీగే, ఏరు కాదు.

‘ఏరు’కు విభక్తి చేరేటప్పుడు అది ‘ఏటి’ అవుతుంది. ఇల్లు ‘ఇంటి’, నోరు ‘నోటి’ అయినట్టే. ఏటి గట్టు, ఏటి ఇసుక అంటాం. మీ కడప జిల్లాలోనే పెన్నేటి గట్టు, చెయ్యేటి వరద అంటారు. నల్లేరు నది అయివుంటే నానుడి ‘నల్లేటి మీద బండి నడక’ అయ్యేది. అట్లా ఎవరి నోటా రాదు. పల్లేరును చూడండి. దాని చివరా ‘ఏరు’ వినబడుతుంది, అయినా ‘పల్లేరు కాయ’ అంటామే గాని ‘పల్లేటి కాయ’ అనం. నల్లేరు కాడ, నల్లేరు పచ్చడి కూడా అంతే. ఈ మధ్య రాతల్లో ‘చెయ్యేరు వరద’ లాంటి ప్రయోగాలూ కనిపిస్తున్నాయి కాబట్టి వ్యాకరణం ఒక్కటే చాలదనేవాళ్లు ఉంటారు. వాళ్లను ఒక్క మాట అడగండి: బండి ఏట్లో దిగితే నడక సులువా? ఇసుకలో చక్రం దిగబడి ఎద్దులు మోకాళ్ల మీద పడతాయి. సులువైన పనికి ఏటిని పోలికగా తెచ్చేవాడు బండి తోలి ఉండడు.

ఇక తీగ సంగతి. నల్లేరు ద్రాక్ష కుటుంబానికి చెందింది. కాడ నాలుగు పలకలుగా ఉండి, ప్రతి కణుపు దగ్గరా నొక్కినట్టు సన్నబడుతుంది. లోపలంతా నీరు నిండిన కండే. ఇనుప పట్టా వేసిన చక్రం ఎక్కితే చితికిపోతుంది, బండికి అదురు కూడా తెలియదు. ఇసుక దారిలో పరుచుకున్న తీగ చక్రాన్ని దిగబడనీయదు, అందుకే ఆ నానుడి పుట్టిందని ఇంకో వివరణ చెబుతారు. మన సీమలో ఈ తీగ కంచె మీదికో జెముడు పొద మీదికో ఎగబాకుతుంది గాని దారి మీద ఒత్తుగా పరుచుకోవడం అరుదు. కాబట్టి నేను మొదటి వివరణ వైపే మొగ్గుతాను.

శీర్షికలో చోటు చాలకనో ఏమో పత్రికలవాళ్లు బండిని దించేశారు. దించేశాక మిగిలింది ఉత్తకాళ్లతో నల్లేరు తొక్కడం. ఆ రసంలో కాల్షియం ఆక్సలేట్ సూదిమొనల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది, చర్మానికి తగిలితే దురద పుడుతుంది. చక్రానికి దురద లేదు, మనిషికి ఉంది. గెలుపు అట్లా ఉంటుందని రాస్తే అభ్యర్థికి అది దీవెనేమీ కాదు. ‘అంత నల్లేరు మీద బండి నడకేం కాదు’ అని వ్యతిరేకార్థంలో వాడినా బండి ఉండాల్సిందే.

విత్తడం, నాటడం, అంటు కట్టడం ఒకటి కాదు. గింజను విత్తుతాం. నారునో, కొమ్మనో, దుంపనో నాటుతాం. అంటు కట్టడానికి ఒక చెట్టు కొమ్మ ఇంకో మొదలు మీద అతకాలి, లేదా తల్లిచెట్టుకు ఉండగానే వేరు దిగాలి. నల్లేరుకు చిన్న పూలు పూసి ఎర్రటి కాయలు కాస్తాయి గాని పెరట్లో పెంచేవాళ్లు గింజ జోలికి పోరు. కాడ ముక్క నాటితే చాలు. ‘నల్లేరు చెట్టు’ అంటే తప్పా అని కూడా కొందరు అడుగుతుంటారు. మిరప చెట్టు, చెనిక్కాయ చెట్టు అనే సీమవాళ్లకు అది తప్పెట్లా అవుతుంది?

మీ ముక్కలు కుళ్లడంలో ‘రెండు కణుపుల ముక్క’ అన్న మాట పాత్ర కూడా ఉండొచ్చు. కణుపంటే రెండు పొడుగు భాగాలు కలిసే ముడి. చాలామంది ముడికీ ముడికీ మధ్య భాగాన్ని కణుపు అనుకొని, మధ్యలో కోసి, ముడి లేని వైపును మట్టిలో గుచ్చుతారు. వేరు దిగేది ముడి దగ్గరే. మట్టిలో ముడి లేకుంటే ఆ కండ నీరు పీల్చుకొని మెత్తబడటం తప్ప చేసేదేమీ లేదు. చెరకు రైతులు ‘మూడు కళ్ల ముచ్చె’ అని కన్ను లెక్కన చెబుతారు కాబట్టి వాళ్లకు ఈ తికమక లేదు. నల్లేరుకూ అదే పద్ధతి మేలు: కింద ఒక ముడి, పైన ఒకటి లేదా రెండు ముడులు ఉండే జానెడు ముక్క. ‘గణుపు’ అని రాసినా తప్పు లేదు, రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి.

ముక్క మరీ లేతదీ, నార తేలి ముదిరిందీ కాకుండా, వేలి మందాన ఉండాలి. కింది ముడికి అర అంగుళం దిగువన కోయండి. మొదలు వైపు ఏటవాలుగా, తల వైపు అడ్డంగా కోస్తే తలకిందులుగా నాటే ప్రమాదం ఉండదు. కోసిన వెంటనే నాటకూడదు, కుళ్లుకు అసలు కారణం ఎక్కువగా ఇదే. నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెడితే కోత మీద పొర కడుతుంది. పచ్చి కోత తడి మట్టికి తగిలితే బూజు లోపలికి పోతుంది.

పన్నెండు అంగుళాల కుండీకి అడుగున తూటు తప్పనిసరి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన దిబ్బ ఎరువు అర పాలు కలపండి. ఎరువు ఇంతకన్నా పెంచితే కాడలు నీరుపట్టి ఉబ్బుతాయే గాని గట్టిపడవు. కింది ముడి మట్టిలో రెండు అంగుళాల లోతున ఉండేటట్టు గుచ్చి, ఒకసారి కొంచెం నీళ్లు పోసి, వారం దాకా మళ్లీ పోయకండి. తొలకరి తర్వాత నాటితే మూడు నాలుగు వారాల్లో వేరు పట్టి, పై ముడి దగ్గర చిగురు కదులుతుంది. వేరు పట్టిందా అని పీకి చూడొద్దు, చిగురే సాక్ష్యం.

ఆ తర్వాత దాన్ని చంపేది నీళ్లు పోసే చెయ్యే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురంలో, రాళ్ల గుట్టల మీద బతికే తీగ ఇది. ఆవిరి పోకుండా పగలు కాడ మీది రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకుంటుంది. మట్టి రెండు అంగుళాల లోతు దాకా ఎండితేనే నీళ్లు పోయండి. కర్నూలు వైపు నల్లరేగడిలో నేల మీదే నాటేవాళ్లు అడుగు ఎత్తు మిట్ట కట్టి, అందులో ఇసుక కలపాలి. లేకుంటే ముసురు రోజుల్లో కాడ నల్లబడి ముడి దగ్గర ఊడిపోతుంది. అట్లా ఊడితే నల్లబడ్డ కింది భాగాన్ని పారేసి, పైన గట్టిగా ఉన్న ముక్కను ఆరబెట్టి మళ్లీ నాటుకోవచ్చు. ఎండాకాలంలో ఆకులు రాలితే కంగారు పడొద్దు, కాడ పచ్చగా ఉంటే చాలు. నీడలో పెడితే కాడ సన్నబడి, ముడులు దూరదూరంగా వస్తాయి. సగం పూటైనా ఎండ తగలాలి. నులితీగలు సన్నపుల్లను పట్టుకుంటాయి, నున్నటి గోడను పట్టుకోలేవు. తెల్లటి పిండినల్లి కనిపిస్తే నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి.

‘అస్థిసంహారి’ని చూసి భయపడొద్దు. సంస్కృతంలో ‘సంహారం’ అంటే చంపడం ఒక్కటే కాదు, చెదిరినవాటిని దగ్గరికి చేర్చడం కూడా. ‘వేణీసంహారం’ నాటకంలో జరిగేది జడను ముడవడమే గదా. అస్థిసంహారి అంటే ఎముకల్ని కూర్చేది. ఆయుర్వేదం దీన్ని విరిగిన ఎముకలకు చెప్పింది అందుకే. వజ్రవల్లి దీని ఇంకో పేరు. నర్సరీలో కన్నడంవాళ్లయితే మంగరవళ్ళి అని, తమిళులైతే పిరండై అని అడుగుతారు. పేరును నమ్మి, విరిగిన చేతికి కట్టు కట్టించుకోకుండా నల్లేరు నూరి పూయడం మాత్రం వద్దు.

పచ్చడికైతే నాటిన ఆరు నెలలకు గాని కోయకండి. తలవైపు రెండు మూడు ముడుల మేర కాడ, వంచితే టప్పున విరిగేదే పనికొస్తుంది. నార సాగితే ముదిరినట్టు. చేతులకు నూనె రాసుకొని, నాలుగు పలకల అంచుల నారా, ముడులూ తీసేసి, నూనెలో పచ్చిదనం పూర్తిగా పోయేదాకా వేయించి, చింతపండు దండిగా వేసి నూరండి. వేగడం చాలకపోయినా, చింతపండు తగ్గినా గొంతు గీరుకుంటుంది.