ఎల్‌ఎఫ్‌పీ పొడి ఎర్రగా ఎందుకొస్తోంది?
వరంగల్ కాలేజీ ల్యాబ్‌లో చేసిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ, లిథియం బ్యాటరీల ఎలక్ట్రోడ్‌లో వాడే పొడి) నల్లగా కాక ఎర్రగా వస్తోందని ప్రశ్న. ఆ ఎరుపు ఫెర్రిక్ ఆక్సైడ్‌ది, అంటే ఇనుము తుప్పుది. ట్యూబ్ ఫర్నేస్‌లోకి (పొడిని కాల్చే గొట్టపు కొలిమి) గాలి దూరుతోంది. సీళ్లు చూడండి. గాలి తగలకుండా పంపే ఆర్గాన్ వాయువును ఫర్నేస్ పూర్తిగా చల్లారేదాకా ఆపొద్దు, చాలామంది తొందరపడేది అక్కడే.

ఇక పాళ్లు: నీరులేని ఫెర్రిక్ ఫాస్ఫేట్ 10 గ్రాములకు లిథియం కార్బొనేట్ 2.5, గ్లూకోజ్ 2 గ్రాములు. డబ్బా మీద డైహైడ్రేట్ అనుంటే 12.4 గ్రాములు తూచాలి, అందులో దాదాపు అయిదో వంతు నీళ్లే. బాల్ మిల్లులో (గుండ్లతో నూరే యంత్రం) నూరి, ఫర్నేస్‌లో ఆర్గాన్ కింద 350 డిగ్రీల దగ్గర కొంతసేపు, 700 దగ్గర 8 గంటలు ఉంచండి. అంతకన్నా బాగా పెంచితే రేణువులు పెరిగి కెపాసిటీ (ఛార్జ్ నిలుపుకునే సామర్థ్యం) పడిపోతుంది. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది, ఫర్నేస్ నుంచి వాయువు బయటికొచ్చే గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకే (వాయువుల్ని బయటికి లాగే అర) పెట్టాలి.

వానాకాలంలో ఈ పొడితో చేసిన ఎలక్ట్రోడ్‌ను వాక్యూమ్ ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టండి. చెమ్మ మిగిలితే ఎలక్ట్రోలైట్‌లో (బ్యాటరీలోని ద్రవం) హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి ఇనుమును కరిగిస్తుంది.